ఒకే ఒక్క యుద్ధవిమానం: ప్రత్యామ్నాయ చరిత్రకల్పనలో ఔచిత్యం

ఉపోద్ఘాతం:

చరిత్రలో ఒక ఘటన వేరొక విధంగా జరిగి ఉంటే ఆ తర్వాతి కాలం ఎలా నడిచేదో ఊహించి చెప్పే రచనను ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. పరీక్షల్లో మెప్పు పొందినా ఉత్పత్తికి నోచుకోని యుద్ధవిమానాలు ఇటువంటి కల్పనకు తరచు వస్తువులవుతాయి. కల్పన కాబట్టి దానికి హద్దు లేదనుకోవడం పొరపాటు. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్న క్షేమేంద్రుని సూత్రాన్ని ఈ ప్రక్రియకూ అన్వయించవచ్చు. బ్రిటన్‌కు చెందిన మార్టిన్-బేకర్ ఎం.బి.5 విమానం ఇందుకు తగిన ఉదాహరణ.

1. విమానం - నేపథ్యం:

జేమ్స్ మార్టిన్, కెప్టెన్ వాలెంటైన్ బేకర్ కలిసి నడిపిన చిన్న సంస్థ ఇది. 1942 సెప్టెంబరు 12న ఎం.బి.3 విమానం ఇంజన్ విఫలమై కూలిపోగా, దానిని నడుపుతున్న బేకర్ మరణించాడు. మిత్రుని మరణం మార్టిన్‌ను తీవ్రంగా కలచివేసింది. ఆ తర్వాత రూపొందిన ఎం.బి.5 1944 మే 23న తొలిసారి ఎగిరింది. రోల్స్-రాయిస్ గ్రిఫన్ ఇంజన్, పరస్పర వ్యతిరేక దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు, నాలుగు 20 మి.మీ. ఫిరంగులు దీని ప్రధానాంగాలు. గరిష్ఠ వేగం గంటకు సుమారు 740 కి.మీ. మరమ్మతుకు వీలుగా విప్పదగిన పలకల అమరికను పరీక్షకులు ప్రత్యేకంగా ప్రశంసించారు. అయినా నిర్మితమైనది ఒక్క విమానమే.

2. కల్పనకు గల అవకాశం:

1944లోనే దీని ఉత్పత్తికి ఆదేశం వచ్చిందనుకుందాం. ఆ ఏడాది జూలైలోనే గ్లాస్టర్ మీటియర్ అనే జెట్ విమానం బ్రిటిష్ వైమానికదళంలో చేరింది. అందువల్ల ఎం.బి.5కు దీర్ఘకాలపు ప్రాభవాన్ని కల్పించడం అనుచితం. కొన్నేళ్లపాటు సాగే పరిమిత సేవను మాత్రం ఊహించవచ్చు. 1947-48 కాశ్మీరు యుద్ధంలో భారత వైమానికదళం బ్రిటన్‌లో తయారైన టెంపెస్ట్ విమానాలను వాడింది. వాటి స్థానంలో ఎం.బి.5ను నిలపడం అసంభవమేమీ కాదు. అయితే 1948లోనే భారత వైమానికదళానికి వాంపైర్ జెట్లు అందాయి. కల్పన అక్కడితో ఆగక తప్పదు.

3. కల్పన చెల్లించవలసిన మూల్యం:

ఎం.బి.5 తొలిసారి ఎగిరిన 1944లోనే ప్రభుత్వ విమానోత్పత్తి శాఖ మార్టిన్‌కు మరొక పని అప్పగించింది. జెట్ వేగంలో ఎదురుగాలి ఒత్తిడిని తట్టుకొని పైలట్ తనంతట తాను బయటికి దూకడం దుష్కరం. అతణ్ణి ఆసనంతో సహా పైకి విసిరే సాధనం కావాలి. అదే ఎజెక్షన్ సీటు. 1946 జూలై 24న బెర్నార్డ్ లించ్ ఎగురుతున్న మీటియర్ నుంచి ఈ సీటుతో బయటపడి, క్షేమంగా నేలకు దిగాడు. 1949 మే 30న ఏ.డబ్ల్యు.52 ప్రయోగ విమానం అదుపు తప్పినప్పుడు పైలట్ లాంకాస్టర్ ప్రాణాలను కాపాడింది ఈ సీటే.

ఒకే రూపకర్త, ఒకే చిన్న సంస్థ వందలాది విమానాల ఉత్పత్తిలో మునిగి ఉంటే 1949 నాటికి ఆ సీటు సిద్ధమై ఉండేదా? విమానానికి విజయాన్నిచ్చే రచయిత ఈ ప్రశ్నను తప్పించుకోలేడు. అట్లని సీటు ఎప్పటికీ పుట్టేది కాదనడమూ అతిశయోక్తే. జర్మనీలో 1942లోనే ఒక పైలట్ ఎజెక్షన్ సీటుతో బయటపడ్డాడు. స్వీడన్‌లోనూ అప్పటికే ప్రయోగాలు సాగుతున్నాయి. బ్రిటన్‌లో మాత్రం ఆలస్యమై ఉండవచ్చు. ఆ ఆలస్యాన్ని కొలవవలసింది ఏళ్లలో కాదు, ప్రాణాలలో.

ముగింపు:

మార్టిన్-బేకర్ సీట్లు ఇప్పటివరకు ఏడు వేలకు పైగా ప్రాణాలను కాపాడాయి. భారతదేశంలో నిర్మితమైన మారుత్, తేజస్ విమానాలలోనూ ఇవే సీట్లు అమరాయి. 2024 మార్చిలో జైసల్మేర్ సమీపంలో తేజస్ కూలినప్పుడు పైలట్ సీటుతో బయటపడి క్షేమంగా దిగాడు. ప్రత్యామ్నాయ చరిత్రలో ఔచిత్యమంటే తేదీలు, యంత్రవివరాలు సరిపోవడం మాత్రమే కాదు. ఒక ఘటనను మార్చినప్పుడు దానితో పాటు చెదిరిపోయే మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎం.బి.5 ఓటమిని విషాదంగా మాత్రమే చిత్రించే కథ సగం కథే. ఆ ఓటమి మిగిల్చిన తీరికలో పుట్టినదాన్ని కూడా చూపినప్పుడే కల్పన చరిత్రను అర్థం చేసుకొనే సాధనమవుతుంది.