వెనుక ఇరుసు గేర్లు మార్చిన తరువాత శబ్దాలు, ప్రకంపనలు: కారణ నిర్ధారణ

ఎరువులు, విత్తనాలు, పంట దిగుబడులు తరలించే పికప్‌లు, జీపులు అనేకం వెనుక చక్రాల చోదనంతో నడుస్తాయి. ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్ నుండి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక ఇరుసులోని పీనియన్‌కు, అక్కడి నుండి క్రౌన్ చక్రానికి చేరుతుంది. పళ్ళు అరిగిపోయినందువల్ల గానీ, బరువు లాగే సామర్థ్యం పెంచుకొనుటకు గానీ ఈ జతను మార్చిన పిదప కొత్తగా రొద, అదురు మొదలయ్యాయన్న ఫిర్యాదు తరచుగా వినబడుతుంది. అప్పుడు కొత్త జతనే తప్పుపట్టి, ఇరుసును మరల విప్పించడం పరిపాటి. లోపం వేరొక చోట ఉన్నచో ఆ వ్యయమంతా వృథా. పీనియన్ బేరింగు లోపాన్ని సాధారణ గేరు రొదగా భావించి ఉపేక్షించినచో కొత్త జత కూడా త్వరలోనే దెబ్బతింటుంది. కావున విప్పుటకు ముందే కారణాన్ని నిర్ధారించుకొనుట అవసరం.

నిష్పత్తి మారినప్పుడు మారేవి

ఒక వాహనంలో 41 పళ్ళ క్రౌన్, 11 పళ్ళ పీనియన్ స్థానంలో 41 పళ్ళ క్రౌన్, 10 పళ్ళ పీనియన్ అమర్చారనుకొందాం. నిష్పత్తి 3.73 నుండి 4.10కి పెరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 7.9 సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మునుపు సెకనుకు 29.6 సార్లు తిరిగేది, ఇప్పుడు 32.5 సార్లు తిరుగుతుంది.

షాఫ్ట్‌లో సమతౌల్య లోపం ఉంటే దానివల్ల కలిగే బలం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. షాఫ్ట్ వేగం 10 శాతం పెరిగితే ఆ బలం సుమారు 21 శాతం పెరుగుతుంది. మునుపు 80 కిలోమీటర్ల వేగంలో కనిపించిన అదురు ఇప్పుడు 73 కిలోమీటర్ల వద్దనే కనిపిస్తుంది. అనగా కొత్త గేర్లు లోపాన్ని సృష్టించలేదు. పాత లోపాన్ని బయటపెట్టాయి.

రోడ్డు పరీక్ష

మొదట టైర్లలో గాలిని, ఇరుసులో నూనె మట్టాన్ని సరిచూడాలి. వాహనాన్ని కొంత దూరం నడిపి నూనె వేడెక్కిన తరువాత, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు, వేగాన్ని నిలకడగా ఉంచినప్పుడు శబ్దాన్ని వేర్వేరుగా గమనించి నమోదు చేయాలి.

• యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే సన్నని కూత వినిపిస్తే పళ్ళ స్పర్శలో, అనగా పీనియన్ లోతులో లేదా బ్యాక్‌లాష్‌లో లోపాన్ని అనుమానించాలి.
• వదిలినప్పుడు రొద హెచ్చితే పీనియన్ నట్టు వదులును, పీనియన్ బేరింగును పరీక్షించాలి.
• భారంతో నిమిత్తం లేక, వేగంతో పాటు పెరిగే గరగర బేరింగులను సూచిస్తుంది. పీనియన్ బేరింగులు చక్రం కంటే నాలుగు రెట్లు వేగంగా తిరుగుతాయి. కావున వాటి ధ్వని చక్రం బేరింగుల ధ్వని కంటే హెచ్చు స్థాయిలో ఉంటుంది.
• వాహనాన్ని ఎడమకు, కుడికి మళ్ళించినప్పుడు ధ్వని మారితే చక్రం బేరింగును చూడాలి.
• మలుపుల్లో మాత్రమే టకటక వినిపిస్తే డిఫరెన్షియల్‌లోని చిన్న పళ్ళచక్రాలను పరీక్షించాలి.
• రోడ్డు ఉపరితలం మారగానే ధ్వని మారితే అది టైర్ల శబ్దమే.
• కదిలేటప్పుడు ఒక్కసారిగా 'ఠక్' మని వినిపిస్తే యూనివర్సల్ జాయింట్ల అరుగుదలను, అధిక బ్యాక్‌లాష్‌ను చూడాలి.

ప్రకంపనల మూలం

సమతౌల్య లోపం షాఫ్ట్ ఒక్కసారి తిరిగితే ఒక అదురును కలిగిస్తుంది. యూనివర్సల్ జాయింట్ కోణపు లోపం ఒక్కో భ్రమణానికి రెండు అదురులను కలిగిస్తుంది. పై ఉదాహరణలో ఇవి వరుసగా సెకనుకు 32.5, 65. క్రౌన్, పీనియన్ పళ్ళ కలయిక మాత్రం సెకనుకు దాదాపు 325 సార్లు జరుగుతుంది. అది శరీరానికి తెలిసే అదురు కాదు, చెవికి వినిపించే ధ్వని. కావున సీటు, నేల అదురుతున్నప్పుడు ముందుగా షాఫ్ట్‌ను పరీక్షించాలి. గేర్లు మార్చునప్పుడు ఫ్లాంజ్‌పై గుర్తు పెట్టక షాఫ్ట్‌ను విప్పి, వేరే స్థానంలో బిగించడం వల్ల కూడా సమతౌల్యం చెడవచ్చు. జాయింట్ కోణాలను కొలిచేటప్పుడు వాహనపు బరువు ఇరుసుపైనే ఉండాలి. ఛాసిస్‌ను పైకెత్తి ఇరుసును వ్రేలాడదీసినచో కోణాలు మారిపోతాయి.

విప్పిన తరువాత

పళ్ళకు గుర్తు రంగు పూసి స్పర్శ ముద్రను చూడాలి. ముద్ర క్రౌన్ పళ్ళ మొదట్లో పడితే పీనియన్ మితిమీరి లోపలికి ఉన్నట్లు. పళ్ళ కొనల వద్ద పడితే తగినంత లోపలికి లేనట్లు. షిమ్ములు మార్చి దానిని సరిచేసిన పిదప బ్యాక్‌లాష్‌ను డయల్ గేజ్‌తో పలుచోట్ల కొలవాలి. తేలికపాటి వాహనాల్లో ఇది తరచుగా 0.15 నుండి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయితే ఆయా వాహనపు సర్వీసు పుస్తకంలోని విలువయే ప్రమాణం. నలిగే స్పేసర్ ఉన్న ఇరుసులో పీనియన్ నట్టును అధికంగా బిగిస్తే, దానిని వదులు చేసి సరిపెట్టరాదు. కొత్త స్పేసర్ వేయాలి. క్రౌన్, పీనియన్లను తయారీలోనే జతగా సరిచేస్తారు. కావున ఒకదానిని మాత్రమే మార్చరాదు.

ట్రాక్టర్ల విషయంలో

సాధారణ రెండు చక్రాల చోదన ట్రాక్టర్‌లో గేర్‌బాక్స్, వెనుక ఇరుసు ఒకే దేహంగా ఉంటాయి; వాటి మధ్య బయటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు. అందువల్ల జాయింట్ కోణాల ప్రశ్న ఉదయించదు. అయితే దమ్ములో కేజ్ వీల్స్‌తో పనిచేసేటప్పుడు సీళ్ళ గుండా నీరు చేరే ప్రమాదం ఉంది. నూనె పాలవలె తెల్లబడితే నీరు కలిసినట్లే. అటువంటి నూనెతో నడిపితే కొత్త బేరింగులు కూడా రొద చేయనారంభిస్తాయి.

ముగింపు

కొత్త జతను అమర్చిన తొలి రోజుల్లో అధిక భారం లాగరాదు. కొంత దూరం తేలికగా నడిపి ఇరుసును చల్లారనీయాలి. శబ్దం ఏ వేగంలో, ఏ భారంలో, ఏ స్థాయిలో వస్తున్నదో వ్రాసుకొన్న కాగితం వర్క్‌షాపులో మొదటి పనిముట్టు కావాలి. విస్తరణ శాస్త్రవేత్తలు యంత్ర వినియోగ శిక్షణలలో ఈ నమోదు పద్ధతిని అభ్యాసం చేయిస్తే అనవసరపు విప్పుళ్ళు తగ్గి, సీజనులో రైతు పనిదినాలు ఆదా అవుతాయి.