తాళము వదలిన ఎంజైము

చర్మపు పైపొర, నోటి లోపలి పొర, పేగుల లోపలి పూత, రొమ్ములోని పాలనాళముల గోడలు – ఇవన్నియు ఉపకళ అనే ఒకే తరగతి కణజాలముతో ఏర్పడినవి. ఉపకళలోని కణములు గోడలోని ఇటుకలవలె ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉంటవి. మనుష్యులకు వచ్చే కాన్సర్లలో పదింట ఎనిమిది, తొమ్మిది ఈ ఉపకళలోనే పుడుతున్నవి. వీనిని కార్సినోమాలంటారు. కాన్సరు పుట్టిన చోటనే ఉన్నంతవరకు శస్త్రచికిత్సకు చాలవరకు లొంగుతుంది. ఇతర అవయవములకు వ్యాపించినప్పుడే ప్రాణాపాయము పెరుగుతుంది. మరి గోడలోని ఇటుకవంటి కణము తన చోటు వదలి, కాలేయమునకో, ఊపిరితిత్తులకో ఎట్లు చేరుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానములో కొంత భాగము కణము లోపలనుండే సార్క్ అనే ఎంజైములో ఉన్నది.

మొదట ఈ ఎంజైము చేసే పని ఏమిటో చూద్దాము. ప్రోటీనులు అమినో ఆమ్లముల గొలుసులు. గొలుసులో తగిన చోట ఒక ఫాస్ఫేటు తగిలిస్తే ప్రోటీను ఆకారము, నడవడి మారుతవి. ఫాస్ఫేటును తీసివేస్తే తిరిగి మొదటి స్థితికి వస్తుంది. ఇది దీపపు స్విచ్చి వంటి ఏర్పాటు. ఫాస్ఫేటును తగిలించే ఎంజైమునకు కైనేజు అని పేరు. మానవ శరీరములో 500కు పైగా కైనేజులున్నవి. అందులో చాలా భాగము సెరీన్, థ్రియోనిన్ అనే అమినో ఆమ్లములకు ఫాస్ఫేటును తగిలిస్తవి. టైరోసిన్‌కు తగిలించేవి సుమారు 90 మాత్రమే. ఈ టైరోసిన్ కైనేజులలో కొన్ని కణత్వచమునకు అడ్డముగా నిలిచి బయటి కబురును అందుకొంటవి. సార్క్ వంటివి కణము లోపలనే ఉండి, ఆ కబురును ముందుకు అందజేస్తవి.

సార్క్ చరిత్ర ఒక కోడితో ఆరంభమైనది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసే పేటన్ రౌస్ వద్దకు 1909లో ఒక కంతి గల కోడిని తెచ్చారు. ఆయన ఆ కంతిని నూరి, కణములు దూరలేని వడపోత సాధనముతో వడకట్టి, ఆ ద్రవమును ఆరోగ్యముగల కోళ్లకు ఎక్కించగా వాటికిని కంతులు వచ్చినవి. 1911లో ప్రకటించిన ఈ ఫలితమునకు కారణము ఒక వైరస్ అని తరువాత రూఢి అయినది. రౌస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది 1966లో, అనగా 55 సంవత్సరముల తరువాత! ఆ కంతి సార్కోమా జాతిది. వైరస్‌లోని జన్యువునకు సార్క్ అనే పేరు అందుండియే వచ్చినది.

అసలు ఆశ్చర్యము 1976లో బయటపడినది. బిషప్, వార్మస్, వారి సహచరులు సార్క్ జన్యువు వైరస్ స్వంతము కాదనియు, అది ఆరోగ్యముగల కోడి కణములలోనే ఉన్నదనియు కనుగొన్నారు. వైరస్ దానిని ఎన్నడో కోడినుండి ఎత్తుకొనిపోయినది. ఆ జన్యువు మనలోనూ ఉన్నది. బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ బహుమానము లభించినది. ఈ లోగా 1978లో సార్క్ ఒక కైనేజు అని తేలినది. 1979లో టోనీ హంటర్ అది టైరోసిన్‌కే ఫాస్ఫేటును తగిలిస్తుందని చూపినాడు. ఆయన ప్రయోగమునకు వాడిన ద్రావణము పాతది. దాని ఆమ్లత్వము కొద్దిగా మారి ఉండుటచేతనే, అంతవరకు ఒకే మచ్చగా కనిపించిన రెండు పదార్థములు విడివడి కనిపించినవి.

మంచి కణములో ఉన్న సార్క్ హాని చేయదేల? దానికి తాళము ఉన్నది గనుక. సార్క్ గొలుసు తోకలో, కోడిలో 527వ స్థానమున, మనిషిలో 530వ స్థానమున, ఒక టైరోసిన్ ఉన్నది. మరొక కైనేజు దానికి ఫాస్ఫేటు తగిలించగానే ఆ తోక మడిచి సార్క్ దేహమునకే అతుకుకొంటుంది. ఎంజైము ముడుచుకొని నిద్రపోతుంది. కబురు వచ్చినప్పుడు తోక విడివడుతుంది, పని ముగియగానే మరల ముడుచుకొంటుంది. వైరస్‌లోని సార్క్‌కు ఈ తోక భాగమే లేదు. తాళము లేని తలుపు ఎల్లప్పుడు తెరచియే ఉంటుంది గదా!

మనుష్యుల కార్సినోమాలకు ఈ కోడి వైరస్ కారణము కాదు. వాటిలో సార్క్ జన్యువు చెడుట కూడ అరుదే. త్వచము మీది గ్రాహకములు ఎడతెగక కబుర్లు పంపుటచేత తాళము మాటిమాటికి వీడుతుంది. పెద్దప్రేగు కాన్సరులో సార్క్ చురుకుదనము పక్కనున్న మంచి పొరలోకంటె హెచ్చుగా ఉన్నదనియు, కాలేయమునకు వ్యాపించిన కంతులలో మరింత హెచ్చుగా ఉండవచ్చుననియు పరిశోధకులు చూచినారు. రొమ్ము కాన్సరులోను ఇట్టి హెచ్చుదల కనిపించినది.

ఇట్లు మేలుకొన్న సార్క్ రెండు పనులు చేస్తుంది. ఉపకళాకణములను ఒకదానితో ఒకటి బంధించే కాడ్‌హెరిన్ ప్రోటీనుల పట్టును సడలిస్తుంది. కణము తన కింది ఆధారమును పట్టుకొనే చోట్లను వెంటవెంట విప్పించి, ముందుకు మరల కట్టిస్తుంది. మొదటిదానివలన కణము వరుసనుండి విడివడుతుంది, రెండవదానివలన పాకుతుంది. గోడలోని ఇటుకకు కాళ్లు వచ్చినట్లగును.

అయితే సార్క్‌ను అణచివేస్తే కాన్సరు పోవునా? సార్క్‌ను అణచే డాసాటినిబ్ అనే మందు 2006లో అమెరికాలో అనుమతి పొందినది. కాని అది ఒకరకపు రక్త కాన్సరుకు, అక్కడ ముఖ్యముగా మరొక కైనేజును అణచుటకు. ఉపకళా కాన్సర్లలో ఇట్టి మందులు ఒంటరిగా ఆశించినంత గుణము నీయలేదు. కణమునకు ఒక దారి మూసితే వేరు దారులున్నవి. పైగా కంతి చూపులో చిన్నది కాకున్నను దాని వ్యాప్తి తగ్గవచ్చును. దానిని కొలుచుట కష్టము. మరొక చిక్కు కూడ ఉన్నది. 1991లో సార్క్ జన్యువు లేకుండ పెంచిన ఎలుకలలో పాత ఎముకను కరగించే కణములు పనిచేయక, ఎముకలు మితిమీరి దట్టమైనవి. సార్క్ మనకు శత్రువు కాదు, అవసరమైన సేవకుడే.

విద్యార్థులు గమనింపదగినది ఇదే: కాన్సరు తెచ్చే ఎంజైము బయటినుండి వచ్చిన విషము కానక్కరలేదు. మన కణములో నిత్యము పనిచేసే ఎంజైమే, ఆగవలసిన వేళ ఆగకపోతే అంతటి చేటు తేగలదు. అందుచేత వైద్యుల ముందున్న సమస్య ఆ ఎంజైమును నాశనము చేయుట కాదు, దాని తాళమును తిరిగి సరిచేయుట.