విమానం వెంట వచ్చిన వెలుగులు

పిల్లలూ, "ఫూ ఫైటర్స్" అనగానే మీలో కొందరికి రాక్ బ్యాండ్ గుర్తొస్తుంది. ఆ పేరు బ్యాండ్ కంటే యాభై ఏళ్లు పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట ఎగిరిన అమెరికన్ వైమానికులు, ఆకాశంలో తమ వెంట వచ్చిన కొన్ని వింత వెలుగులకు పెట్టుకున్న పేరది.

1944 నవంబరులో ఒక రాత్రి. ఫ్రాన్స్, జర్మనీల మధ్య పారే రైన్ నది దగ్గర, స్ట్రాస్‌బర్గ్ వైపు ఒక అమెరికన్ యుద్ధ విమానం చీకట్లో తిరుగుతోంది. శత్రు విమానాలను వెతకడం దాని పని. లోపల ముగ్గురు ఉన్నారు: పైలట్ ష్లూటర్, రాడార్ చూసే మేయర్స్, వాళ్లతో పాటు వచ్చిన రింగ్‌వాల్డ్ అనే అధికారి. దూరంగా ఎనిమిదో పదో నారింజ రంగు వెలుగులు వరసగా కనిపించాయి. ముందు నక్షత్రాలేమో అనుకున్నారు. కానీ నక్షత్రాలు అంత వేగంగా కదలవు కదా! నేల మీద ఉన్న రాడార్ కేంద్రాన్ని అడిగితే, అక్కడ ఏ విమానమూ లేదన్నారు. వాళ్ల సొంత రాడార్‌లోనూ ఏమీ లేదు. విమానాన్ని అటు తిప్పేసరికి వెలుగులు మాయమయ్యాయి. కాసేపటికి ఇంకా దూరంగా మళ్లీ కనిపించాయి.

ఇలాంటిది చూస్తే ఎవరైనా దిగగానే చెప్పేస్తారనుకుంటాం. వాళ్లు మొదట చెప్పలేదు. వింటే నవ్వుతారని, అలిసిపోయి మతి పోయిందంటారని భయం! తర్వాత వారాల్లో అదే దళంలో ఇంకొందరు కూడా ఇలాంటి వెలుగుల్ని చూశారు. అప్పుడు చూసింది చూసినట్టు రాయడం మొదలుపెట్టారు.

పేరు పెట్టింది మేయర్స్ అంటారు. ఆ రోజుల్లో అమెరికా పత్రికల్లో "స్మోకీ స్టోవర్" అనే బొమ్మల కథ వచ్చేది. అందులో మంటలార్పే మనిషి ఒకడుంటాడు. "ఫూ" అనే మాట ఆ కథలో అర్థం పర్థం లేకుండా ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. అర్థంకాని వెలుగులకి అర్థంలేని పేరన్నమాట. నాకైతే అది చాలా మంచి పేరనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

మన పల్లెల్లో రాత్రిపూట దూరంగా మినుకుమనే వెలుగు కనిపిస్తే "కొరివిదయ్యం" అనేవాళ్లు. కొరివి అంటే మండుతున్న కట్టె. చూసింది వెలుగు ఒక్కటే, కానీ పేరులోకి దయ్యం కూడా వచ్చి చేరింది! "ఫూ" అనే పేరులో అలాంటిదేమీ లేదు. మేం చూశాం, అదేంటో తెలీదు, అంతే.

ఇదే యుద్ధంలో ఇంకో వెలుగు ఉంది. దానికి మాత్రం అర్థం ఉన్న పేరే పెట్టారు. బ్రిటన్ బాంబర్ విమానాలు రాత్రిళ్లు వందల సంఖ్యలో జర్మనీ మీదికి వెళ్లేవి. లాంకాస్టర్ అనే బాంబర్‌లో ఏడుగురు ఉండేవాళ్లు. దారిలో ఒక్కోసారి పక్కన హఠాత్తుగా పెద్ద మంట లేచేది, నల్లటి పొగ వచ్చేది, రంగురంగుల నిప్పులు కిందికి రాలేవి. అచ్చం ఒక విమానం పేలిపోయినట్టే ఉండేది. కానీ దాన్ని ఎవరూ కాల్చినట్టు కనిపించేది కాదు. అది నిజం విమానం కాదని, భయపెట్టడానికి జర్మన్లు పేల్చే ఉత్తుత్తి గుండని వాళ్లకి చెప్పేవారు. దానికి "స్కేర్‌క్రో" అని పేరు. అంటే పొలంలో పిట్టల్ని బెదిరించే దిష్టిబొమ్మ.

యుద్ధం అయ్యాక చూస్తే, జర్మన్ల దగ్గర అలాంటి గుండు లేనే లేదు. ఆ మంటలు నిజంగా పేలిపోయిన బాంబర్లే. జర్మన్ విమానాలు చీకట్లో బాంబర్ల కడుపు కిందికి వచ్చి, పైకి గురిపెట్టిన తుపాకులతో కాల్చేవి. ఆ గుళ్లు దూరానికి కనపడేవి కావు. కాబట్టి ఏ దాడీ లేకుండానే పేలినట్టు అనిపించేది. మొత్తం యుద్ధంలో బ్రిటన్ బాంబర్ దళంలో 55,573 మంది చనిపోయారు. దిష్టిబొమ్మ కథ వింటే ఆ రాత్రికి ధైర్యంగా ఉండేదేమో గానీ, కింద నుంచి వచ్చే శత్రువు సంగతి అందులో లేదు.

సరే, ఫూ ఫైటర్ల సంగతికి వద్దాం. అవి జర్మన్ల కొత్త ఆయుధాలేమో అని అనుమానించారు. కానీ అవి ఏ విమానానికీ హాని చేసినట్టు తేలలేదు. 1945లో జపాన్ మీదికి వెళ్లిన బి-29 బాంబర్ల వాళ్లు కూడా తమ వెంట నిప్పు బంతులు వచ్చాయన్నారు.

కొన్నిటికి మన కళ్లే కారణం కావచ్చు. కారులో వెళ్తుంటే చందమామ మన వెంటే వస్తున్నట్టుంటుంది కదా? విమానంలోంచి చూస్తే శుక్రగ్రహం కూడా అలాగే వెంబడిస్తుంది. కెమెరా ఫ్లాష్ పడ్డాక కళ్ల ముందు ఒక మచ్చ తేలుతూ ఉంటుంది. పక్కనే ఫిరంగి గుండు పేలినా అంతే. ఇంకోటి, ఉరుముల మేఘాల దగ్గర రెక్కల చివర్లలో విద్యుత్తు వల్ల నీలి వెలుగు పుడుతుంది. నావికులు దాన్ని సెయింట్ ఎల్మో మంట అంటారు. అయితే అది విమానానికి అంటుకునే ఉంటుంది, దూరంగా వరస కట్టి ఎగరదు.

1953లో అమెరికా ప్రభుత్వం కొందరు శాస్త్రవేత్తల్ని కూర్చోబెట్టి ఇలాంటి విషయాలన్నీ చూడమంది. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న లూయీ అల్వారెజ్ వాళ్లలో ఒకరు. విద్యుత్తు వల్ల పుట్టిన వెలుగులో, గాల్లోని మంచు పలుకుల మీద పడి మెరిసిన కాంతో అయ్యుంటుందని రాశారు. అసలు కారణం మాత్రం ఎప్పుడూ తేలలేదని కూడా అందులోనే రాశారు.

చేసి చూడండి: చీకటి గదిలో చాలా చిన్న దీపం ఒక్కటే ఉంచి, ఒక నిమిషం దాన్నే చూడండి. అది కదిలినట్టు అనిపించిందా? ఎటువైపు? మీకు కనిపించింది మాత్రమే మూడు వాక్యాల్లో రాయండి. "ఎందుకు" అనేది వేరే పేజీలో రాయండి.

ఇంట్లో అడగండి: అమ్మమ్మనో తాతయ్యనో కొరివిదయ్యం గురించి అడగండి. వాళ్లు తమ కళ్లతో చూశారా, లేక ఎవరైనా చెప్తే విన్నారా?