పెట్టను చూసి పెంచండి... పెరటి నిండా రంగుల కోళ్లు!

డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల... గోదావరి, కృష్ణా జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి ఈ పేర్లు కొత్తేమీ కాదు. సంక్రాంతి దగ్గర పడుతోందంటే మగవాళ్ల నోట ఇవే కబుర్లు. అయితే ఒక్క సంగతి గమనించారా? ఆ కబుర్లన్నీ పుంజుల గురించే! ఆ పుంజును కన్న పెట్ట ఏ రంగుదని అడిగేవారు ఎందరు? గుడ్లు ఏరేది, పొదగేసేది, పిల్లలను గద్ద ఎత్తుకుపోకుండా కాచేది మనం. చుట్టాలొస్తే ముందుగా కూరకు పోయేది పెట్ట. అలా పోయేది ఒక్క కోడి కాదండీ, దానితోపాటు ఒక రంగు, ఒక వంశం కూడా పోతాయి.

పేర్ల వెనుక రంగులు

మనం జాతికోడి అని పిలిచేదే అసిల్. అసిల్ అంటే అసలైనది, మేలుజాతిది అని అర్థం. పొడుగాటి కాళ్లు, నిటారుగా నిలబడే తీరు, తలకు అంటుకున్నట్టుండే చిన్న తురాయి దీని గుర్తులు. రంగును బట్టి పేరు. ఒళ్లంతా నలుపైతే కాకి, తెలుపైతే సేతు, ఎరుపైతే డేగ. మెడ మీద నల్లటి ఈకలుంటే సవల. అక్కడే నలుపు, తెలుపు సమంగా కలిస్తే పర్ల. రెక్కల మీద, వీపు మీద పసుపు ఈకలుంటే నెమలి. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఇక కాకిడేగ, కాకినెమలి వంటి జంట పేర్లు సరేసరి. ఊరికీ ఊరికీ ఈ లెక్కలో కాస్త తేడా ఉంటుంది.

పిల్లకు ఎవరి పోలిక?

పుంజు మంచిదైతే చాలు, పెట్ట ఏదైనా ఫరవాలేదనుకుంటారు చాలామంది. అది సరికాదు. రంగుల్లో చాలావరకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. కొన్నిటి తీరు మరీ వింతగా ఉంటుంది. ఉదాహరణకు, ఈకల మీద అడ్డచారలున్న పెట్టను చారలు లేని పుంజుతో కలిపారనుకోండి. చారలు పుంజు పిల్లలకే వస్తాయి, పెట్ట పిల్లలకు రావు. అంటే ఆ పుంజు పిల్లల అందం తల్లి పెట్టిన భిక్షే!

కొన్ని రంగులు లోపల దాగి ఉంటాయి. డేగ పుంజు, డేగ పెట్ట కలిసినా ఒక్కోసారి తెల్ల పిల్ల బయటపడుతుంది. వెంటనే పక్కింటి పుంజును అనుమానించకండి. తెలుపు తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి తెల్లగా వస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

ఒక పుంజు, నాలుగైదు పెట్టలు చాలు. మీకు ఏ రంగు కావాలో ముందే అనుకుని, వాటిని వేరే దడిలో ఉంచండి. ఇక్కడొక కిటుకు ఉంది. పాత పుంజుతో తిరిగిన పెట్ట రెండు మూడు వారాల దాకా దాని పిల్లలనే ఇవ్వవచ్చు. అందుకే పెట్టను వేరు చేశాక కనీసం మూడు వారాలు ఆగి, ఆ తర్వాత పెట్టిన గుడ్లనే పొదగేయండి. ఈలోపు వచ్చిన గుడ్లు అట్టులోకి వాడుకోవచ్చు!

పొదగేసే గుడ్లను చల్లటి చోట, మొనదేలిన వైపు కిందికి ఉండేలా పెట్టండి. వారం దాటనివ్వకండి. పొదిగిన ఏడో రోజు రాత్రి టార్చిలైటు వెలుగులో చూస్తే, పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఖాళీ గుడ్లు తీసేయండి. 21 రోజులకు పిల్లలు లేస్తాయి. అవి గుంపుగా ఒకదాని మీదొకటి పడుతుంటే చలి వేస్తోందని, నోళ్లు తెరిచి దూరంగా జరుగుతుంటే వేడి ఎక్కువైందని అర్థం.

పిల్ల నూగు రంగు చూసి తీర్పు చెప్పకండి. ఈకలు రాలి కొత్తవి వస్తూ అసలు రంగు తేలడానికి అయిదారు నెలలు పడుతుంది. అందాకా అమ్మవద్దు, కోయవద్దు. ఏ తల్లి పిల్లకు ఆ రంగు దారం కాలికి వదులుగా కట్టి, కాలు లావయ్యే కొద్దీ మారుస్తూ ఉండండి. పాలవాడి పద్దులాగే కోళ్లకూ ఒక నోటుపుస్తకం పెట్టుకుంటే, రెండేళ్లలో మీ పెరటి రంగుల లెక్క మీకే తెలిసిపోతుంది.

రంగు మోజులో ఇవి మరవకండి

ఒకే రంగు కోసం అన్నాచెల్లెళ్లను, తండ్రీకూతుళ్లను తరం తరం కలుపుతూ పోతే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు నీరసంగా పుడతాయి. రెండేళ్లకోసారి దూరపు ఊరి నుంచి పుంజును తెచ్చుకోండి. ఎంత చక్కని రంగైనా సరే, పొదగని పెట్టను, పిల్లలను పొడిచి తరిమే పెట్టను వంశానికి ఉంచుకోకండి.

అడ్డతీగల ప్రాంతపు గిరిజన గ్రామాల్లో వాటా అనే పద్ధతి ఉంది. ఒకరు తమ పెట్టను మరొకరికి పెంచుకోవడానికి ఇస్తారు. పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. చేతిలో డబ్బు లేని ఆడవాళ్లకూ కోళ్లు దక్కుతాయి. ఒక ఇంట తెగులు వచ్చి అన్నీ పోయినా, మరో ఇంట ఆ వంశం బతికి ఉంటుంది. మనమూ అక్కాచెల్లెళ్ల మధ్య, ఇరుగుపొరుగుతో ఇలా చేసుకోవచ్చు కదా!

ఇక పందెం సంగతి. జంతుహింస నివారణకు 1960లో వచ్చిన చట్టం ప్రకారం కోడిపందేలు నేరం. ఇంట్లో బిడ్డలా సాకిన పుంజు కత్తి కట్టించుకుని నెత్తురోడుతూ పడిపోవడం ఏ ఇల్లాలు మాత్రం చూడగలదు? ‘పుంజు అమ్మకానికి లేదు, విత్తనానికి ఉంచాను’ అని గట్టిగా చెప్పండి. పుంజుకు, పెట్టకు, పొదిగే గుడ్డుకు కూడా గిరాకీ ఉంటుంది.

గుర్తుంచుకోండి

* కొక్కెర తెగులుకు పిల్లలకు 5–7 రోజుల వయసులో కంట్లో చుక్కల మందు, 8 వారాలకు సూదిమందు వేయించాలి. పశువుల ఆసుపత్రిలో అడగండి.
* పుంజు పిల్లలు కొట్లాట మొదలుపెట్టగానే విడదీయండి.
* ఇసుక, బూడిద కలిపిన గుంట ఒకటి ఉంటే, కోళ్లు అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి.
* కొత్తగా తెచ్చిన కోడిని మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి.

ఈసారి పెట్ట పొదుగుకొచ్చినప్పుడు గుడ్లు లెక్కపెట్టడంతోపాటు దాని రంగు, దాని తల్లి రంగు కూడా రాసి పెట్టుకోండి. వంశం అక్కడి నుంచే మొదలవుతుంది.