మీకు తెలుసా? పడవే దారి, పడవే బండి

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బౌరన్ లేక్ పార్కు ఉంది. 1961లో ఏర్పడింది. కారిబూ పర్వతాల నడుమ సరస్సులు, నదులు, వాటిని కలిపే కాలిబాటలు సుమారు 116 కిలోమీటర్ల చుట్టుగా అమరాయి. బయలుదేరిన చోటికే తిరిగి చేరుతాం! ప్రదక్షిణలాగే కుడిచేతివైపుగా తిరగాలి. కనో పడవలో చుట్టి రావడానికి వారం, పది రోజులు పడుతుంది. నీరు లేనిచోట ఆ పడవను చక్రాల బండికెత్తి లాక్కెళ్లాలి. మొదటి మజిలీయే 2.4 కిలోమీటర్ల నడక, అదీ నిండు సామానుతో. చివర్లో బౌరన్ నది చిత్తడిలో మెలికలు తిరుగుతుంది. జింకల కుటుంబంలో అతిపెద్దదైన మూస్ అక్కడ నీటిమొక్కలు మేస్తుంది. తెడ్డు చప్పుడు చేయకుండా చూడటమే దానికి మనమిచ్చే మర్యాద.

ఇక్కడ గుడారం ఒడ్డునే వేస్తారు. తిండి మాత్రం ఎలుగుబంట్లు తెరవలేని పెట్టెల్లో దాచాలి.

మరి ఒడ్డే లేకపోతే? అమెరికాలోని జార్జియాలో ఓకెఫెనోకీ చిత్తడినేల చాలావరకు అలాంటిదే. అక్కడ నీటిమీద చెక్క వేదికలు కట్టారు. మన జొన్నచేలో మంచె గుర్తుందా? దాదాపు అదే ఊహ. రాత్రికి ఒక్కో వేదిక ఒక్క బృందానికే. చెక్కకు మేకు కొట్టకూడదు కాబట్టి, తనంతట తాను నిలబడే గుడారమే తీసుకెళ్లాలి.