దిక్సూచి చూపు ఉత్తరము ఏది?

దిక్సూచి ముల్లు ఉత్తరమును చూపునని మనమందరము చిన్ననాడే నేర్చుకొన్నాము. కాని పటము చేతబట్టి, బాటలేని అడవిలో నడువబోవు వానికి ఈ పాఠము చాలదు. ఏలయన ఉత్తరములు రెండు గలవు. భూమి తిరుగు అక్షము కొనయైన ధ్రువము ఉన్న దిక్కు నిజమైన ఉత్తరము. పటములోని రేఖాంశములు దానినే అనుసరించును. ముల్లు మాత్రము భూమి అయస్కాంత క్షేత్రమును బట్టి నిలుచును. ఈ రెండు దిక్కుల నడిమి కోణమును దిక్పాతము అందురు.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో దిక్పాతము సుమారు ఒక డిగ్రీ మాత్రమే. కనుక ఇచ్చట దానిని మరచినను కొద్ది దూరపు నడకలో పెద్ద చిక్కు రాదు. అమెరికా వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రములో అట్లు కాదు. అచ్చటి సియాటిల్ పరిసరములలో ముల్లు నిజమైన ఉత్తరమునకు సుమారు 15 డిగ్రీలు తూర్పుగా నిలుచును. ఆ నగరమునకు తూర్పుననున్న కాస్కేడ్ పర్వతములలో ఒకడు 4 కిలోమీటర్ల దూరములోని సరస్సును చేరవలెననుకొందము. పటముపై కోణమానినితో కొలువగా, సరస్సు ఉత్తరమునుండి కుడివైపుగా 60 డిగ్రీల దిశలో ఉన్నది. దిక్పాతము తూర్పుగా ఉన్నది గనుక దానిని తీసివేయవలెను: 60లో 15 పోగా 45. దిక్సూచిలో 45 డిగ్రీలు చూచుకొని నడిచినచో సరస్సు చేరును. మరచి 60నే పట్టుకొని నడిచినచో, 4 కిలోమీటర్లు ముగియునప్పటికి సరస్సునకు కుడివైపున సుమారు ఒక కిలోమీటరు దూరమున నిలుచును. చీకటి పడువేళ, నీరు నిండుకొన్నవానికి ఆ కిలోమీటరు ప్రాణాపాయము కావచ్చును.

మరియొక విశేషము. దిక్పాతము స్థిరమైనది కాదు. భూగర్భములో కరగియున్న ఇనుము ప్రవహించుటచే అయస్కాంత క్షేత్రము పుట్టుచున్నది. ఆ ప్రవాహము మారినకొలది క్షేత్రమును మారును. 1970 ప్రాంతమున సియాటిల్‌లో దిక్పాతము సుమారు 22 డిగ్రీలు. ఆనాటి పటపు అంచున ముద్రించిన అంకెను నేడు నమ్మినవాడు 60లో 22 తీసి, 38 డిగ్రీల దిశలో నడచును. అతడు సరస్సునకు ఎడమగా సుమారు అర కిలోమీటరు తప్పిపోవును.

కావున పటము చేతికి రాగానే దాని అంచున దిక్పాతమును, అది ఏ సంవత్సరపుదో చూడుడు. పాతదైనచో నేటి విలువను తెలిసికొనుడు. కత్తి, సెల్‌ఫోను వంటి వాటిని దిక్సూచికి దూరముగా ఉంచుడు. సరియైన దిశలో ఒక చెట్టునో బండనో గురుతు పెట్టుకొని, దానిని చేరి, తిరిగి ముందునకు చూచుడు. ముల్లు అబద్ధమాడదు, అది చూపునది ఏ ఉత్తరమో మనమే తెలిసికొనవలెను.