మానిక ఎవరి చేతిలో ఉంది?

పాత పల్లెను చిత్రించేటప్పుడు మన కథకులు తరచుగా “డబ్బు ఎరుగని అమాయక గ్రామం” అంటున్నారు. ఈ మాటను పరీక్షించవలసి ఉంది.

మాది జైపూర్. ఇప్పుడు ఆ పేరు చెబితే 2016లో ఉత్పత్తి ప్రారంభించిన సింగరేణి విద్యుత్ కేంద్రం గుర్తొస్తుంది. మా నాయనమ్మ కాలంలో ఊరి బేరాలన్నీ గింజలతోనే. అయితే గింజలతో జరిగిన లావాదేవీలన్నీ ఒకటి కావు.

మొదటిది ఇచ్చిపుచ్చుకోవడం. గోదావరి చేపలు తెచ్చిన బెస్త స్త్రీకి కాపు స్త్రీ వడ్లు కొలిచేది. ఇద్దరికీ కావలసింది తిండి. ఇక్కడ ప్రధానం ఉపయోగపు విలువ.

రెండవది మేర. చాకలికి, మంగలికి, కమ్మరికి ఏడాది చాకిరీకి కళ్ళంలో కొలిచేది. ఇది మారకం కాదు. పని మానే హక్కు లేనివాడికి బేరమాడే హక్కు ఎక్కడిది? దీని పక్కనే వెట్టి ఉంది.

మూడవది నాగు. నిజాం రాజ్యంలో భూమిశిస్తు నగదుగా కట్టాలి. అందుకోసం రైతు ధర పడిపోయిన పంటకాలంలోనే గింజలు అమ్ముకునేవాడు. వానాకాలానికి గాదె ఖాళీ. అదే షావుకారు దగ్గర పుట్టెడు తెచ్చి, పంటకు పుట్టెడున్నర కొలిచేవాడు. ఇచ్చేటప్పుడు మానికకు తలకొట్టేవారు, తీసుకునేటప్పుడు శిగ నిలిపేవారు. “మానిక ఒక్కటే బిడ్డా, చెయ్యే వేరు” అనేది నాయనమ్మ.

కనుక అది డబ్బు లేని పల్లె కాదు. డబ్బు కొందరి చేతుల్లోనే ఉన్న పల్లె. గింజల లావాదేవీ వెనుక నగదు శిస్తు నిలబడి ఉంది.

ఇది గ్రహించకపోతే, 1920ల చివర బెల్లంపల్లిలో గనులు తెరిచాక మనుషులు ప్రాణాలకు తెగించి బాయిలోకి ఎందుకు దిగారో అర్థం కాదు. మా తాత కూడా దిగాడు. నగదు కూలి ఆయనను దొర కళ్ళం నుంచి తప్పించింది. కాని జీతంనాడు గేటు దగ్గర వడ్డీవ్యాపారి కాచుకుని ఉండేవాడు. మానిక పోయి చిట్టా వచ్చింది.

మార్క్స్ 1867లో “పెట్టుబడి” మొదటి సంపుటంలో సరుకుతో మొదలుపెట్టి, దాని వెనుక మనుషుల మధ్య ఉండే సంబంధాన్ని బయటకు తీశాడు. రచయిత పని కూడా అదే. పాత పల్లెలోని ఆప్యాయతను రాయవద్దని నేననడం లేదు. నాయనమ్మ పొరుగింటికి పంపిన చారెడు పప్పు నిజమే. ఆ పప్పును, షావుకారి పుట్టెడును ఒకే గాటన కడితే మాత్రం దోపిడీకి ఆప్యాయత ముసుగు వేసినవాళ్ళమవుతాం.

కథలో గింజలు కొలిచే దృశ్యం వస్తే, ముందు మానిక పట్టిన చేతిని చూడండి.